ఉత్తరానికెక్కని మాట

యుద్ధసాహిత్యమనగానే సాధారణంగా మన మనస్సుకు తోచేవి ఆయుధాల మోత, వీరుల సింహనాదాలు, రక్తప్రవాహాలు. భారత రామాయణాలలోని యుద్ధఘట్టాలు ఈ అలవాటును మనలో బలపరచినవి. కాని దండులో పనిచేసి వచ్చిన వారెవరిని కదిపినా చెప్పే సంగతి వేరుగా ఉంటుంది. సిపాయి బ్రతుకులో పోరాడే గడియలు స్వల్పం; మిగిలినదంతా కాచుకొని ఉండడమే. నీళ్లు తోడిపోయడం, తడిసిన గుడ్డలు ఆరబెట్టుకోవడం, వంతు ప్రకారం కావలి కాయడం, జ్వరపడిన తోటివానివద్ద మేలుకొని కూర్చోవడం, ఇంటినుంచి ఉత్తరం వచ్చినదా అని విచారించడం, వచ్చినదాన్ని చదువు వచ్చినవానిచేత రెండుమూడు మార్లు చదివించుకోవడం, ఇదీ అతని దినచర్య. శీతకాలంలో ఈ దినచర్య మరింత కఠినమవుతుంది. శత్రువు కంటె ముందు చలి ఎదురునిలుస్తుంది. కాబట్టి ఒక రచయితకు సిపాయి జీవితం అందినదా లేదా అని తెలుసుకోదలచినవారు అతడు ముట్టడిని ఎట్లా వర్ణించినాడో చూడనక్కరలేదు. ముట్టడి లేని రాత్రిని తన పాత్రలచేత ఎట్లా గడిపించినాడో చూస్తే చాలును.

ఈ గీటురాయికి నిలిచిన రచనలు భారతీయ భాషలలో ఎక్కువ లేవు. ఉన్నవాటిలో వయస్సులోనూ, విలువలోనూ ముందు వరుసకు చెందినది చంద్రధర శర్మ గులేరీ హిందీలో వ్రాసిన ‘ఉస్‌నే కహా థా’ అనే కథ. 1915లో మహావీరప్రసాద్ ద్వివేదీ సంపాదకత్వాన వెలువడుతూ ఉండిన ‘సరస్వతి’ పత్రికలో ఇది అచ్చయినది. గులేరీ 1883లో జయపురంలో జన్మించినాడు. పూర్వులది కాంగ్రా ప్రాంతంలోని గులేర్ గ్రామం. సంస్కృతంలోనూ, ప్రాచీన భాషలలోనూ గొప్ప పండితుడు. ముప్పది తొమ్మిదేండ్ల వయస్సులో, 1922లో మరణించినాడు. కథకుడుగా ఆయన కీర్తి అంతా వ్రేళ్లమీద లెక్కింపదగిన కథలమీద, నిజానికి ఈ ఒక్క కథమీదనే నిలిచి ఉన్నది. ఆయన యుద్ధరంగాన్ని కంటితో చూచినవాడు కాడు. అయినా యుద్ధం మొదలైన ఏడాది లోపలనే, దాని ఫలితం ఎవరికీ తెలియని కాలంలో, ఫ్రాన్సు నేలమీది ఒక కందకంలో పంజాబు రైతుబిడ్డలు చలికి వణకుతూ గడిపిన రాత్రిని ఆయన మనకు చూపగలిగినాడు.

ఆ చలికాలం సంగతి కొంచెం చెప్పుకోవాలి. లాహోరు, మీరట్ డివిజనుల సిపాయిలు 1914 సెప్టెంబరు చివర మార్సేల్స్ రేవులో దిగడం ప్రారంభించినారు. అక్టోబరు ముగియకముందే వారిలో అనేకులు బెల్జియంలోని ఈప్ర్ పరిసరాలలో పోరాడుతున్నారు. తొడుక్కొని వచ్చినవి ఉష్ణదేశానికి తగిన నూలు ఖాకీబట్టలు. ఉన్నిబట్టలు అందరికీ వెంటనే అందలేదు. ఫ్లాండర్స్ నేల పల్లపు నేల. రెండడుగులు త్రవ్వితే నీరు ఊరుతుంది. అందుచేత కందకమంటే అక్కడ బురదకాలువ అనే అర్థం. ఆ నీటిలో రోజుల తరబడి నిలిచినవారి పాదాలు వాచి, చచ్చుబడి, కొందరివి కుళ్లిపోయినవి. 1915 మార్చిలో న్యూవ్ షపెల్ వద్ద ఘోరమైన పోరాటం జరిగినది. ఆ సంవత్సరాంతానికి భారత పదాతిదళాలను చాలవరకు మెసపొటేమియాకు మళ్లించినారు. 1918 వరకు లెక్కచూస్తే, సిపాయిలు, కూలీదళాలవారు కలిసి ఫ్రాన్సు, బెల్జియములకు వెళ్లిన భారతీయులు 1,30,000కు పైగా ఉన్నారు. వీరిలో మిక్కిలి ఎక్కువమంది అక్షరం రాని పల్లెటూరివారు.

కథ ఎరుగని పాఠకులకోసం దాని సంగ్రహం: అమృతసర్ బజారులో పన్నెండేండ్ల బాలుడు, ఎనిమిదేండ్ల బాలిక అంగళ్లవద్ద తరచు కలుసుకుంటూ ఉంటారు. పెండ్లి కుదిరినదా అని అతడు ఆటపట్టించినట్లు అడగడం, ఆమె విదిలించి పారిపోవడం పరిపాటి. ఒకనాడు కుదిరినదని ఆమె చెబుతుంది. కుర్రవానికి కారణం తెలియని కోపం వస్తుంది; దారిన పోతూ కనబడినవారినందరినీ ఢీకొంటాడు. ఇరువది అయిదేండ్లు గడుస్తవి. ఆ బాలుడు లహనాసింగ్, సిక్కు రైఫిల్స్‌లో జమాదారు. (మన కచేరీలలో జమేదారంటే బంట్రోతు, ఆనాటి సైన్యంలో అది సుబేదారుకు దిగువనున్న గౌరవప్రదమైన హోదా.) సెలవుమీద ఇంటికి పోయినవాడు, యుద్ధానికి రమ్మని పిలుపు అందగా, త్రోవలో తన సుబేదారు హజారాసింగ్ ఇంట దిగుతాడు. ఆ సుబేదారు భార్యయే చిన్ననాటి ఆ బాలిక. ఆమె అతన్ని గుర్తుపట్టి లోపలికి పిలిపించి, ఒకప్పుడు బజారులో బెదిరిన గుర్రం కాళ్లక్రింద పడకుండా తనను కాపాడినట్లే, ఇప్పుడు తన భర్తను, మిగిలిన ఒక్కగానొక్క కొడుకు బోధాసింగ్‌ను కాపాడవలసినదని కొంగుచాపి వేడుకొంటుంది. ఫ్రాన్సులోని కందకంలో లహనాసింగ్ ఇద్దరినీ కాపాడుతాడు, తాను మరణిస్తాడు.

హిందీ విమర్శకులు దీన్ని ప్రధానంగా ప్రేమకథగా గ్రహించినారు. ఆచార్య రామచంద్ర శుక్ల తన సాహిత్యచరిత్రలో దీన్ని ఎంతో మెచ్చుకొన్నారు. ఇందులో ప్రేమ తొంగిచూచి ఊరకుంటుందే గాని వీధికెక్కదనడం ఆయన మెప్పులోని సారాంశం. 1960లో బిమల్ రాయ్ నిర్మాతగా, మోనీ భట్టాచార్య దర్శకుడుగా ఈ కథ చలనచిత్రమైనప్పుడు కూడా ప్రేమకే పెద్దపీట లభించినది. ఈ అభిప్రాయం అసత్యమని ఎవరూ అనరు. కాని దీనివల్ల ఒక నష్టం కలిగినది. కథలో ప్రేమప్రసంగం అమృతసర్ బజారులో కొద్దిసేపు, సుబేదారు ఇంటిగడపలో మరికొద్దిసేపు మాత్రమే ఉన్నది. మిగిలినదంతా కందకంలో జరుగుతుంది. ప్రేమనే చూచేవారికి ఈ కందకం వట్టి రంగస్థలంగా, వెనుక వ్రేలాడే తెరగా కనబడుతుంది. నా ఉద్దేశంలో కథకు ప్రాణం ఆ కందకంలోని దినచర్యలోనే ఉన్నది. ఇంటితో సిపాయికి గల బంధం ఎక్కడ నివసిస్తుందనే ప్రశ్నకు ఈ కథ చెప్పే సమాధానం మనం అలవాటుగా అనుకొనే చోట లేదు. ఉత్తరాలలోనో, కలలలోనో, నిట్టూర్పులలోనో దాన్ని వెదకుతాం. గులేరీ దాన్ని ఒక కంబళిలో, ఒక ఉన్నిచొక్కాలో, ఒక రాత్రి కావలిలో చూపినాడు.

కందకంలోని జీవితాన్ని ఆయన ఎట్లా కూర్చినాడో చూడండి. నాలుగు రోజులుగా కదలిక లేదు. లూధియానా చలికి పదిరెట్లు చలి. పైన వాన, మంచు. క్రింద పిక్కల దాకా బురద. వజీరాసింగ్ అనే హాస్యగాడు బాల్చీతో మురికినీరు బయటికి తోడిపోస్తూ, పురోహితుని వేషం కట్టి, జర్మనీ చక్రవర్తికి తర్పణం విడుస్తున్నానంటాడు. లహనా అతనికి మరొక బాల్చీ అందించి, నీ పుచ్చతోటకు పెట్టుకో, ఇంతటి ఎరువునీరు పంజాబు మొత్తంమీద దొరకదని పరిహసిస్తాడు. ఎల్లుండి తమ స్థానంలోకి వేరే దళం వస్తుందని, ఏడు రోజులు సెలవు దొరుకుతుందని, కడుపునిండా తిని నిద్రపోవచ్చునని ఆశ. పాలూ పండ్లూ ఉచితంగా ఇచ్చే ఒక ఫ్రెంచి దొరసాని తోటను తలచుకొని, యుద్ధం ముగిసినాక సర్కారును పది ఘుమావుల భూమి అడిగి ఇక్కడనే పండ్లచెట్లు వేస్తాననే మాటా వారి నడుమ వస్తుంది. చివరికి అందరూ కలిసి ఒక మోటుపాట ఎత్తుకొంటారు. నాలుగు రోజులు హాయిగా విశ్రమించినవారివలె తేరుకొంటారు.

ఇందులో ఇల్లు అనే మాట దాదాపు రాదు. కాని ప్రతి మాటలోనూ ఇల్లే ఉన్నది. బురదనీటిని చూచి రైతుకు ఎరువు గుర్తుకువస్తుంది. పచ్చని నేలను చూచి చెట్టు నాటాలనిపిస్తుంది. మనిషి తనకు తెలిసిన పనితోనే పరాయినేలను పలకరిస్తాడు. దిగులును దిగులుగా చెప్పించే రచయితలు అనేకులున్నారు. గులేరీ దాన్ని వ్యవసాయంగా మార్చి చెప్పించినాడు. పండితుడైనప్పటికీ ఈ భాగంలో ఆయన తన పాండిత్యాన్ని ఒక్కచోటనే బయటపెట్టినాడు. ఆ రాత్రి వీచిన గాలిని వర్ణించడానికి, పళ్లచేత వీణ వాయింపజేసే గురువు అనే భావం గల బాణభట్టుని దీర్ఘసమాసాన్ని అరువు తెచ్చుకొన్నాడు. సంస్కృత కావ్యంలోని చలి, ఫ్లాండర్స్ చలి ఆ ఒక్క సమాసంలో కలిసిపోయినవి. నవ్వు తెప్పించే ఆ మాట వెంబడే మరణం ఉన్నదని పాఠకుడు అప్పుడు ఎరుగడు.

ఇక కథకు గుండెకాయ వంటి రాత్రి. బోధాసింగ్‌కు జ్వరం. మూడు ఖాళీ బిస్కట్ డబ్బాలమీద తన రెండు కంబళ్లు పరుచుకొని, లహనా ఇచ్చిన రెండు కంబళ్లు, పెద్దకోటు కప్పుకొని పడుకొని ఉన్నాడు. లహనా కావలిలో ఉన్నాడు. ఒక కన్ను కందకపు మొగమీద, ఒక కన్ను ఆ కుర్రవాని బక్కపలుచని దేహంమీద. కుర్రవాడు దాహమంటే గిన్నె నోటికి అందిస్తాడు. ఒళ్లంతా వణకుతున్నదంటే తన ఉన్నిచొక్కా విప్పి తొడుగుతాడు. మరి నీకో అని అడిగితే, నాకు కుంపటి ఉన్నది, చెమట పోస్తున్నది అంటాడు. పైగా విలాయతులో దొరసానులు అల్లి పంపుతున్న కొత్త ఉన్నిచొక్కా తనకు ఆ ఉదయమే అందినదని చెబుతాడు. ఆ చొక్కా కథ వట్టి కథయేనని రచయిత ఒక చిన్న వాక్యంతో మనకు చెప్పివేస్తాడు. చొక్కా పోయినాక మిగిలిన పలుచని బట్టతో లహనా కావలికి నిలబడతాడు.

ఈ సమయానికి సుబేదారిణి వేడుకోలు సంగతి పాఠకునికి తెలియదు. అది చివరిభాగంలో, చనిపోతున్న లహనా జ్ఞాపకాలలో గాని బయటపడదు. అంటే రచయిత మనకు ముందుగా పనిని చూపినాడు, తరువాత కారణాన్ని చెప్పినాడు. ఈ క్రమాన్ని తారుమారు చేసి, వేడుకోలును ముందుంచి ఉంటే, కంబళి ఇవ్వడం మొక్కు చెల్లించడంగా తోచేది. ఇప్పుడట్లా తోచదు. దండులో ఒక పెద్దవాడు ఒక చిన్నవానికి సహజంగా చేసే సేవగానే మనం దాన్ని చూస్తాం. కారణం తెలిసినాక మళ్లీ ఆ రాత్రికి వెనుదిరిగి చూస్తే, తల్లి చేయవలసిన పనులన్నీ అక్కడ ఒకదాని వెంట ఒకటి జరిగినవని తెలుస్తుంది: పడక సర్దడం, దుప్పటి కప్పడం, దాహమివ్వడం, తనకు అక్కరలేదని బొంకి బిడ్డకు తొడగడం. మన ఇళ్లలో తల్లులు ఆకలి లేదని చెప్పి చివరి ముద్ద బిడ్డకు పెట్టేటప్పుడు ఆడే అబద్ధం ఎటువంటిదో, లహనా ఆడిన అబద్ధమూ అటువంటిదే. ఇల్లు ఎక్కడనో దూరాన ఉన్నది; ఇంటిపని మాత్రం కందకంలో జరుగుతున్నది.

ఆనాటి సిపాయిలకు ఇంటితో నిజంగా ఉండిన సంబంధం ఉత్తరాల ద్వారా సాగినది. దానికి సంబంధించిన ఒక విచిత్రమైన చరిత్ర ఉన్నది. ఫ్రాన్సులోని భారత సిపాయిల ఉత్తరాలను పరిశీలించడానికి బ్రిటిషు ప్రభుత్వం 1914లోనే ఒక కార్యాలయం ఏర్పరచినది. వ్రాయలేని సిపాయి చెప్పగా వేరొకడు వ్రాసేవాడు. దాన్ని పరీక్షకుడు చదివేవాడు. ఊళ్లో మరొకడు బిగ్గరగా చదివి వినిపించేవాడు. భర్త మాట భార్యకు చేరేలోగా ఇన్ని చెవులు వింటవి. కాబట్టి సిపాయిలు చాటుమాటలు కల్పించుకొన్నారు. నల్లమిరియాలంటే భారతీయ సిపాయిలు, ఎర్రమిరపకాయలంటే తెల్లసిపాయిలు. మిరియాలు తరిగిపోతున్నవని వ్రాస్తే ఊళ్లోవారికి అర్థమయ్యేది. పరీక్షకులకూ కొన్నాళ్లకు అర్థమైనది. లేకపోతే ఈ సంగతి మనదాకా వచ్చి ఉండదు.

అనువాదవృత్తిలో ఉన్నవారికి ఈ చరిత్రలో మనస్సును కలచే అంశం మరొకటి ఉన్నది. పంజాబీ, ఉర్దూ, హిందీ మొదలైన భాషలలో వ్రాసిన ఆ ఉత్తరాల మూలప్రతులు చాలవరకు నిలువలేదు. పరీక్షకులు తమ నివేదికలకోసం ఇంగ్లీషులోకి మార్చుకొన్న భాగాలే లండనులోని బ్రిటిషు గ్రంథాలయంలో భద్రపడి ఉన్నవి. వాటినుంచి డేవిడ్ ఒమిస్సీ ఏర్చికూర్చిన సంపుటం 1999లో వెలువడినది. సిపాయి తన ఇంటివారికి చెప్పుకొన్న మాటను అతనిమీద కాపలా పెట్టినవారి అనువాదం ద్వారానే మనం ఈనాడు వినగలుగుతున్నాము. అతని కంఠధ్వని పోయినది, భావం మిగిలినది. గులేరీ కథ విలువ ఈ వెలితి ఎదుట నిలిపి చూచినప్పుడు మరింత హెచ్చుతుంది. పంజాబీ పలుకుబడి, పల్లెటూరి ఒట్లు, దండులో పుట్టిన మాటలు, లెఫ్టినెంటును ‘లపటన్’ అనే ఉచ్చారణ, ఇవన్నీ అందులో చెక్కుచెదరకుండా ఉన్నవి. నివేదికలు దాచలేకపోయిన నుడికారాన్ని ఒక కల్పిత కథ దాచిపెట్టినది.

ఈ ఉత్తరాల సంగతి మనస్సులో ఉంచుకొని కథలోని చివరి సందేశాన్ని చదవాలి. పోరాటంలో లహనాకు ప్రక్కటెముకలలో గుండు తగిలినది. కందకంలోని తడిమట్టినే గాయంలో కూరి, తలపాగా గుడ్డను నడుముకు బిగించి కట్టుకొని, ఎవరికీ చెప్పకుండా ఊరకున్నాడు. నాలుగు రోజులుగా తిట్టుకొన్న బురదయే చివరికి మందైనది. రోగులను తీసుకుపోయే బండ్లు వచ్చినప్పుడు బోధాను, సుబేదారును బండి ఎక్కిస్తాడు. తనకు వేరే బండి వస్తుందంటాడు. అప్పుడు సుబేదారుతో రెండు మాటలు చెబుతాడు. సుబేదారిణిగారికి ఉత్తరం వ్రాసేటప్పుడు నా నమస్కారం వ్రాయండి. ఇంటికి వెళ్లినప్పుడు, ఆమె నాతో చెప్పినది నేను చేసినానని చెప్పండి. ఈ విభజన గమనింపదగినది. ఉత్తరానికి నమస్కారం చాలును. అసలు మాట నోటితో చెప్పవలసినది.

ఆమె ఏమి చెప్పినదని సుబేదారు అడుగుతాడు. లహనా సమాధానం ఇవ్వడు. మీరు బండి ఎక్కండి, నేనన్నది వ్రాయండి, చెప్పండి కూడాను అని మాత్రం అంటాడు. అంటే సుబేదారు మోసుకొనిపోయే మాటలోని అర్థం ఆ సుబేదారుకే తెలియదు. పంపినవానికి, అందుకొనవలసినదానికి తప్ప మరెవరికీ విప్పరాని మాట అది. మిరియాలు, మిరపకాయలు అని వ్రాసుకొన్న సిపాయిల చాటుమాటలకు పరీక్షకుడనే శత్రువున్నాడు. ఇక్కడ శత్రువు లేడు. ఉన్నవాడు ఎవరి ప్రాణం నిలిచినదో ఆ భర్తయే. అతని మనస్సు నొచ్చకుండా, అతని భార్య గౌరవానికి లోపం రాకుండా, అతని చేతనే ఆ మాట పంపవలసి వచ్చినది. కథ శీర్షిక ఈ భర్త వేసిన ప్రశ్ననుంచి పుట్టినది. అతడు ఏమి చెప్పినది అని అడిగినాడు. రచయిత ‘ఏమి’ అనే మాటను తీసివేసి, మిగిలినదాన్ని కథకు తలకట్టుగా ఉంచినాడు.

ఈ శీర్షికను తెలుగులోకి తేవడం ఎంత కష్టమో హిందీ ఎరిగినవారికి తెలుసును. ‘ఉస్‌నే కహా థా’ అన్న వాక్యంలో చెప్పినది స్త్రీయో పురుషుడో బయటపడదు. ‘ఉస్‌నే’ అన్న సర్వనామానికి లింగభేదం లేదు. ‘నే’ ప్రత్యయం చేరినందువల్ల క్రియ కూడా కర్తను అనుసరించదు. కథ చదివి ముగించేదాకా ఆ మాట అన్నది ఎవరన్న ఉత్సుకత నిలిచి ఉంటుంది. మన భాషలో ఈ సౌకర్యం లేదు. ‘ఆమె చెప్పినది’ అంటే శీర్షికలోనే గుట్టు రట్టవుతుంది. ‘అతడు చెప్పినాడు’ అంటే అబద్ధమవుతుంది. ‘అన్న మాట’ అనడం ఒక ఉపాయంగా తోచవచ్చును. అందులో కర్త కనబడడు. చెప్పిన మాట అనే అర్థమూ వస్తుంది. కాని తెలుగువానికి ‘అన్న మాట’ అనగానే ‘నిలబెట్టుకొన్నాడు’ అనే మాట వెంటనే నోటికి వస్తుంది. తానన్న మాటను తాను నిలబెట్టుకోవడం మన మనస్సులో హరిశ్చంద్రుని సంప్రదాయం. ఈ కథలో జరిగినది అది గాదు.

నిశితంగా చూస్తే లహనా ఎక్కడా మాట ఇవ్వలేదు. సుబేదారిణి వేడుకొని, ఏడుస్తూ లోపలికి వెళ్లిపోతుంది. లహనా కన్నీరు తుడుచుకొంటూ బయటికి వస్తాడు. సరేనని గాని, చేస్తానని గాని అతడు అన్నట్లు రచయిత వ్రాయలేదు. ఒట్టు లేదు, చేతిలో చేయి వేయడం లేదు. మాట ఆమెది, క్రియ అతనిది. ఆమె మాటకు అతని ప్రత్యుత్తరం కందకంలో, కంబళి రూపంలో, చొక్కా రూపంలో, చివరకు ప్రాణరూపంలో వ్రాయబడినది. దీన్ని మాట నిలుపుకొన్న వీరుని కథగా చెప్పేవారు ఈ మౌనాన్ని గమనించలేదనిపిస్తుంది. ఇచ్చిన మాటకు కట్టుబడడంలో తన పరువు కూడా కలిసి ఉంటుంది. ఇవ్వని మాటకు కట్టుబడినవానికి అటువంటి ఆసరా కూడా లేదు.

అనువాదకునికి ఈ కథలో మరొక హెచ్చరిక దాగి ఉన్నది. లపటన్ సాహెబు వేషం వేసుకొని ఒక జర్మను గూఢచారి కందకంలోకి వస్తాడు. సుబేదారును, పటాలంలో ఎక్కువమందిని తప్పుదారిన పంపివేస్తాడు. అతన్ని లహనా పట్టుకోవడానికి రెండు కారణాలు. మొదటిది, అతడు ఒక సిక్కుకు సిగరెట్టు ఇవ్వబోవడం. దండులో ఒక్క వారం గడిపినవాడెవడూ ఆ పని చేయడు. రెండవది, అతని ఉర్దూ పొరపాటు లేకుండా ఉండడం. అది పుస్తకాలలోని ఉర్దూ. కలిసి బ్రతికినవారి భాషకూ, నేర్చుకొన్నవారి భాషకూ గల తేడామీద ఇందరి ప్రాణాలు ఆధారపడినవి. లహనాచేత గ్రాంథికభాష మాట్లాడించే అనువాదకుడు, తెలియకుండానే, అతన్ని ఆ గూఢచారివలె మాట్లాడిస్తున్నాడన్నమాట. వర్ణనకు శిష్టభాష తగును. కందకంలోని మాటలకు మన పల్లెలలో పొలంగట్టున వినవచ్చే భాషయే కావలెను. తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపిన ఊళ్లు మనకూ ఉన్నవి. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అనే పేరే స్థిరపడినది. సెలవుమీద వచ్చినవారు అరుగుమీద కూర్చొని చెప్పే కబుర్లలో ఈ కథకు కావలసిన తెలుగు దొరుకుతుంది.

ఇంతగా మెచ్చుకొన్న రచనకు గల పరిమితులను చెప్పకపోవడం న్యాయం గాదు. ఈ యుద్ధం ఎవరిది, పంజాబు రైతు ఫ్రాన్సు బురదలో ఎందుకు మరణించవలె అనే ప్రశ్న గులేరీ కథలో లేదు. ఫ్రెంచి దొరసాని ఇచ్చే పాలు, సర్కారు ఇస్తుందనుకొన్న భూమి, ఇవే అక్కడి రాజకీయం. ఆ ప్రశ్నను తరువాతి తరంలో ముల్క్ రాజ్ ఆనంద్ ‘ఎక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ అనే ఇంగ్లీషు నవలలో సూటిగా వేసినాడు. సిపాయి కొడుకైన ఆనంద్, లాలూ అనే రైతుబిడ్డను అదే ఫ్లాండర్స్ చలిలో నిలబెట్టి, రాజుల యుద్ధానికీ రైతుల ఆకలికీ గల సంబంధాన్ని విచారించినాడు. గులేరీకి గల నుడికారపు సూటిదనం ఆనంద్‌కు ఇంగ్లీషులో అందలేదు. ఆనంద్‌కు గల చారిత్రకదృష్టి గులేరీకి యుద్ధం నడుమ లభించలేదు. మరొక లోపం: సుబేదారిణికి కథలో పేరు లేదు. భర్త హోదాయే ఆమె పేరు. బోధా తరువాత పుట్టిన నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లి, భర్త, కొడుకు తిరిగివచ్చిన నాడు లహనా మాట విని ఏమనుకొన్నదో కథ చెప్పదు. ఇద్దరి ప్రాణాలకు మూడవవాని ప్రాణం వెల అయినదని తెలిసి ఆమె బ్రతుకంతా ఎట్లా మోసినదో పాఠకుడే ఊహించుకోవాలి. ఆ మాట ఆమెకు చేరినదా లేదా అన్నది కూడా మనకు తెలియదు.

లహనాకు తన మరణాన్ని గురించి ఒక కోరిక ఉండేది. తన ఊరి వాగు ఒడ్డున, అన్న కీరత్‌సింగ్ ఒడిలో తల పెట్టుకొని, ముంగిట తాను నాటిన మామిడిచెట్టు నీడలో చనిపోవాలని. చివరి గడియలో అతని తల వజీరాసింగ్ ఒడిలో ఉన్నది. మతి తప్పిన లహనా ఆ ఒడినే అన్న ఒడి అనుకొని, తాను నాటిన ఆ మామిడి ఈ ఏడు విరగకాస్తుందని, చిన్నాన్న, కొడుకు కలిసి తినవచ్చునని చెబుతూ ఉంటాడు. వజీరా కన్నీరు కారుస్తూ అతని నోట నీరు పోస్తాడు. నీళ్లు తోడుతూ తర్పణమని నవ్వించిన చేయి అదే. బోధాకు లహనా తల్లి అయినట్లు, లహనాకు వజీరా అన్న అయినాడు. కందకంలో ఇల్లు ఒకరినుంచి ఒకరికి ఇట్లా చేతులు మారినది.

ఆ తరువాత కథ ఒకే వాక్యంతో ముగుస్తుంది. కొన్నాళ్లకు పత్రికలో ఒక జాబితా. అందులో దాని వరుససంఖ్య, యుద్ధరంగం పేరు, గాయాలవల్ల మృతి అనే మాట, పటాలం సంఖ్య, హోదా, లహనాసింగ్ అనే పేరు. మామిడిచెట్టు లేదు, చొక్కా లేదు, ఆమె చెప్పిన మాట లేదు. న్యూవ్ షపెల్‌లో 1927లో ఆవిష్కరింపబడిన స్మారకచిహ్నంమీద, సమాధి కూడా గుర్తెరుగని 4,700కు పైగా భారత సిపాయిల, సహాయకుల పేర్లు చెక్కి ఉన్నవి. అవీ జాబితాలే. ప్రభుత్వం దాచగలిగినది పేరును, హోదాను, సంఖ్యను. ఆ పేరుగలవాడు ఏ రాత్రి ఎవరికి కంబళి కప్పినాడో దాచవలసిన భారం సాహిత్యానిది. ఆ భారాన్ని కొద్ది పుటలలో మోసినందువల్లనే, ఒక శతాబ్ది గడిచినాక కూడా, గులేరీ కథను చదివినవారు ఆ జాబితాలోని పేర్లలో ఏ ఒక్కదాన్నీ వట్టి పేరుగా చదివి దాటిపోలేరు.